తాతయ్య గుండెపోటు, మనవడి రక్తపరీక్ష

ఒక పాపకు మోచేతుల మీద, మోకాళ్ల మీద, పిర్రల దగ్గర పసుపు రంగు బుడిపెలు. నొప్పి లేదు, దురద లేదు. పులిపిర్లనుకుని ఇంట్లోవాళ్లు కొన్నాళ్లు సున్నం రాసి చూస్తారు. తగ్గకపోతే చర్మవైద్యుడి దగ్గరికి తీసుకెళ్తారు. అనుభవమున్న వైద్యుడైతే వాటిని కాల్చే పని పెట్టుకోడు, ముందు రక్తపరీక్ష చేయించుకు రమ్మని చీటీ రాస్తాడు. దాని మీద ‘లిపిడ్ ప్రొఫైల్’ అని చూసి తల్లిదండ్రులు తెల్లబోతారు. అది తాతయ్యకు ఏడాదికోసారి చేయించే పరీక్ష కదా, అయిదేళ్ల పిల్లకెందుకు?

ఆ బుడిపెల్లో ఉన్నది కొలెస్ట్రాలే. రక్తంలో మితిమీరి పేరుకున్నప్పుడు అది చర్మం కింద, మడమ వెనక నరం దగ్గర, కొందరిలో నల్లగుడ్డు అంచున తెల్లటి వలయంలా చేరుతుంది. గుండెకు రక్తం తీసుకెళ్లే ధమనుల గోడల్లోనూ చేరుతుంది. అది మాత్రం పైకి కనిపించదు.

అమెరికాలోని టెక్సస్ రాష్ట్రానికి చెందిన స్టార్మీ జోన్స్ అనే అమ్మాయి పేరు 1984లో ప్రపంచమంతా మోగింది. ఆరేళ్లకే గుండెపోటు వచ్చింది, బైపాస్ ఆపరేషన్లు జరిగాయి. చెడు కొలెస్ట్రాల్‌గా పిలిచే ఎల్‌డీఎల్ ఒక్కటే డెసిలీటరుకు 988 మిల్లీగ్రాములు ఉండేది. పిల్లల్లో అది 110 లోపు ఉండాలి. ఆ ఏడాది ఫిబ్రవరి 14న పిట్స్‌బర్గ్‌లో థామస్ స్టార్జల్ బృందం ఆమెకు ఒకేసారి కొత్త గుండెను, కొత్త కాలేయాన్ని అమర్చింది. ప్రపంచంలో అలాంటి ఆపరేషన్ అదే మొదటిది. పాడైన గుండెను మార్చారంటే అర్థమవుతుంది, మరి కాలేయాన్ని ఎందుకు మార్చినట్టు?

అసలు కథంతా అక్కడే ఉంది. కాలేయ కణాల మీద గాలాల్లాంటివి ఉంటాయి. రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్ రేణువులను అవి పట్టి లోపలికి లాగుతాయి. ఈ గాలాల సంగతి తేల్చింది డల్లాస్‌లో పనిచేసిన మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్. అందుకు వాళ్లకు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది. స్టార్మీకి తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ లోపమున్న జన్యువులే వచ్చాయి. దాంతో ఆమె కాలేయానికి పనిచేసే గాలాలు లేకుండా పోయాయి. కొత్త కాలేయం పెట్టాక 988 ఉన్న ఎల్‌డీఎల్ 184కు దిగింది. ఆ అమ్మాయి బడికెళ్లింది, ఆడుకుంది, 1990 నవంబరులో పదమూడేళ్ల వయసులో చనిపోయింది.

ఇంత తీవ్రమైన జబ్బు లక్షల్లో ఒకరికి వస్తుంది. దాని తమ్ముడి లాంటిది మాత్రం మన వీధిలోనే ఉండవచ్చు. లోపమున్న జన్యువు ఒక్కరి వైపు నుంచే వస్తే గాలాలు సగమే పనిచేస్తాయి. వైద్యులు దీన్ని ‘ఫెమిలియల్ హైపర్‌కొలెస్టరోలేమియా’ అంటారు, అంటే కుటుంబంలో పారంపర్యంగా వచ్చే అధిక కొలెస్ట్రాల్. సుమారు 250 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. వెయ్యి మంది చదివే బడిలో నలుగురన్నమాట. వాళ్లకు బుడిపెలుండవు, ఆయాసముండదు, చాలామంది రివటల్లా సన్నగా ఉంటారు. పరుగు పందెంలో మొదటి బహుమతి తెచ్చుకున్నవాడూ వాళ్లలో ఉండవచ్చు. ముప్పై ఎనిమిదేళ్లకో నలభై రెండేళ్లకో గుండెపోటు వచ్చేదాకా సంగతి బయటపడదు.

తెలుగు ఇళ్లలో దీనికి ఇంకో ముడి ఉంది. మేనమామనో మేనబావనో చేసుకోవడం ఇక్కడ తరాలుగా వస్తున్న ఆచారం, దేశంలోని మిగతా ప్రాంతాల కంటే దక్షిణాదిలో ఈ పెళ్లిళ్లు బాగా ఎక్కువ. ఒకే అమ్మమ్మ నుంచి వచ్చిన లోపం భార్యలోనూ భర్తలోనూ ఉండే అవకాశం ఇలాంటి జంటల్లో పెరుగుతుంది. ఇద్దరికీ ఆ జన్యువు ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు స్టార్మీ లాంటి బిడ్డ పుట్టే ముప్పు ఉంటుంది. మేనరికం చేసుకున్న ప్రతి ఇంటా ఇది జరుగుతుందని కాదు. కానీ అలాంటి ఇంట్లో చిన్న వయసు గుండెపోట్లుంటే పిల్లల రక్తం చూపించకుండా ఉండటం మంచిది కాదు.

“మా ఇంట్లో గుడ్డు కూడా వండం, పిల్లాడికి కొలెస్ట్రాల్ ఎక్కడి నుంచి వస్తుంది?” ఇది ఆస్పత్రుల్లో తరచూ వినిపించే ప్రశ్న. అలా అడిగే అమ్మమ్మ తప్పేమీ లేదు. కూరగాయల్లో, పప్పుల్లో కొలెస్ట్రాల్ ఉండదన్నది నిజమే. అయితే ఒంట్లో ఉండే కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం శరీరం తానే తయారుచేసుకుంటుంది, అందులో కాలేయానిది పెద్ద చెయ్యి. కణాల గోడలకు, హార్మోన్లకు, విటమిన్ డి తయారీకి, ఎదిగే మెదడుకు అది కావాలి కూడా. కాబట్టి ఇలాంటి బిడ్డ విషయంలో వంటింటిని బోనులో నిలబెట్టడం అన్యాయం. వంశం చేసినదానిలో వంటింటిది చిన్న వాటా.

వంటింటి వాటా పెద్దదయ్యే చోటు వేరే ఉంది. 2016–18లో దేశమంతటా జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో 5 నుంచి 9 ఏళ్ల పిల్లల్లో మొత్తం కొలెస్ట్రాల్ ఎక్కువున్నవాళ్లు నూటికి నలుగురిని మించలేదు. ట్రైగ్లిజరైడ్లు అనే మరో రకం కొవ్వు ఎక్కువున్నవాళ్లు మాత్రం దాదాపు మూడో వంతు. తెల్లన్నం, మైదా, పంచదార, కదలకుండా కూర్చోవడం, ఇవి ట్రైగ్లిజరైడ్లను పెంచుతాయి. పొట్ట పెరిగిన పిల్లాడి రిపోర్టులో సాధారణంగా పెరిగేది ఇదే. అది ఇంటి అలవాట్లు మారితే దిగొస్తుంది. వంశపారంపర్యంగా పెరిగిన ఎల్‌డీఎల్ అంత తేలిగ్గా దిగదు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టి ‘కొవ్వు పెరిగింది, నూనె మానెయ్యండి’ అనడం వల్ల రెండు రకాల పిల్లలకూ నష్టమే.

రిపోర్టు సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. ల్యాబ్ కాగితం మీద పక్కన అచ్చయి ఉండే ‘నార్మల్’ అంకెలు చాలాసార్లు పెద్దవాళ్లవి. మొత్తం కొలెస్ట్రాల్ 200 లోపు ఉంటే ఫర్వాలేదన్నది పెద్దల లెక్క. పిల్లలకు 170 లోపు ఉండాలి, 200 అంటే ఎక్కువ కిందే లెక్క. ఎల్‌డీఎల్ 110 లోపు మంచిది, 130 దాటితే ఎక్కువ. 160 దాటి, పైగా ఇంట్లో చిన్న వయసు గుండెపోట్లు కూడా ఉంటే వంశపారంపర్య జబ్బేమోనని అనుమానించాలి. పెద్దల పట్టికతో పోల్చి ఏ అంకె పక్కనా నక్షత్రం గుర్తు లేదని ఊరుకున్న రిపోర్టుల్లో ఎన్ని ఇలాంటివో!

అలాగని ఒక్క పరీక్ష చూసి కంగారు పడనక్కర్లేదు. జ్వరంలోనూ, తగ్గిన కొత్తల్లోనూ చేయిస్తే అంకెలు తారుమారవుతాయి. కొన్ని వారాలు ఆగి, పరగడుపున మరోసారి చేయించాలి. థైరాయిడ్ తక్కువగా పనిచేసినా, మూత్రంలో ప్రొటీన్ పోయే కిడ్నీ జబ్బున్నా, మధుమేహమున్నా, స్టెరాయిడ్లు వాడుతున్నా కొలెస్ట్రాల్ పెరుగుతుంది. అవేవీ కావని తేలాకే మిగతా మాట. తేలిన తర్వాత బిడ్డ ఒక్కడితో ఆగకూడదు. అమ్మానాన్నలకు, తోబుట్టువులకు, మేనమామలకు, బాబాయిలకు అందరికీ చేయించాలి. పిల్లాడి చిన్న సీసాడు రక్తం వల్ల ఏ జబ్బూ లేదనుకున్న తండ్రి ప్రాణం నిలవవచ్చు.

ఇక తిండి. రెండేళ్లలోపు పిల్లలకు కొవ్వు తగ్గించకూడదు, మెదడు ఎదిగే కాలమది. రెండు దాటాక మాత్రం లెక్క మొదలవుతుంది. కొలెస్ట్రాల్ ఎక్కువున్న పిల్లలకు గడ్డకట్టే రకం కొవ్వు, అంటే సంతృప్త కొవ్వు, రోజువారీ కెలోరీల్లో 7 శాతం మించవద్దని నిపుణులు చెబుతారు. అయిదేళ్ల బిడ్డకు రోజుకు సుమారు 1,360 కెలోరీలు కావాలి. అందులో 7 శాతమంటే పది గ్రాముల పైచిలుకు. ఒక గ్లాసు గేదెపాలలో ఎనిమిది గ్రాముల దాకా పోతుంది. ముద్దపప్పులో ఒక చెంచా నెయ్యి వేస్తే ఇంకో మూడు గ్రాములు. పొద్దున పాలు, మధ్యాహ్నం పప్పన్నం, అంతటితో రోజు కోటా సరి! సాయంత్రం కర్రీ పఫ్ ఇంకా రానేలేదు.

నెయ్యి మీద వాదనకు దిగి తెలుగింట్లో గెలిచినవాళ్లు తక్కువ. పిల్లలకు బలం నెయ్యిలోనే ఉందని నాయనమ్మ గట్టి నమ్మకం. ఆ చెంచాను పూర్తిగా లాక్కోవడం కంటే పాలు మార్చడం తేలిక. ఆరు శాతం వెన్న ఉన్న ఫుల్ క్రీమ్ ప్యాకెట్ బదులు మూడు శాతమున్న టోన్డ్ పాలో, ఒకటిన్నర శాతమున్న డబుల్ టోన్డ్ పాలో తెస్తే నాయనమ్మ చెంచాకు కొంచెం చోటు మిగులుతుంది. వంటనూనెల్లోనూ తేడా ఉంది. పామోలిన్‌లో దాదాపు 40 శాతం, కొబ్బరినూనెలో దాదాపు 90 శాతం సంతృప్త కొవ్వే. వేరుశెనగ నూనెలో అది 20 శాతం లోపు, నువ్వుల నూనెలో ఇంకా తక్కువ. బేకరీల్లో వాడే వనస్పతి సంగతి సరేసరి. అందులోని ట్రాన్స్ కొవ్వు 2 శాతం మించకూడదని 2022 నుంచి దేశంలో నిబంధన ఉంది, అయితే ట్రాన్స్ తగ్గినంత మాత్రాన పఫ్ పప్పుచారు అయిపోదు.

తీసేసేవాటి గురించే మాట్లాడితే పిల్లలు మొహం తిప్పుకుంటారు. చేర్చేవి మన దగ్గర కావలసినన్ని ఉన్నాయి. కరిగే రకం పీచు పేగుల్లో జిగురులా మారి కొంత కొలెస్ట్రాల్‌ను బయటికి తోసేస్తుంది. బెండకాయలో ఉన్నది ఆ జిగురే. గోరుచిక్కుడు గింజల నుంచి తీసే గ్వార్ గమ్ మీద ఇందుకోసమే ఎన్నో పరిశోధనలు జరిగాయి. శెనగలు, అలసందలు, జామకాయ, జొన్నరొట్టె ఉండనే ఉన్నాయి. చేపలు తినే ఇళ్లలో వేపుడు బదులు పులుసు పెడితే చాలు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి: పిల్లాడికి వేరే గిన్నె, మిగతావాళ్లకు వేరే గిన్నె పెట్టే ఏర్పాటు నెల తిరక్కుండానే కూలిపోతుంది. అన్నయ్య పకోడీ తింటుంటే తమ్ముడు జామకాయ కొరకడు. రోజుకో గంట ఆట, ఇంట్లో ఎవరూ సిగరెట్ కాల్చకపోవడం కూడా ఈ చికిత్సలో భాగాలే.

వంశపారంపర్య జబ్బున్న పిల్లలకు ఇంత చేసినా ఎల్‌డీఎల్ పదో వంతో, మరికాస్తో తగ్గుతుంది, అంతే. 220 ఉన్నది 195కు వస్తుంది. అక్కడే కొలెస్ట్రాల్‌ను తగ్గించే స్టాటిన్ మాత్ర మాట వస్తుంది, అక్కడే ఇంట్లో గొడవ మొదలవుతుంది. పాలపళ్లు ఊడుతున్న పిల్లకు రోజూ మాత్రా? జీవితాంతమా?

ఈ భయానికి మాటలతో కాక ఇరవై ఏళ్ల లెక్కతో జవాబు చెప్పింది నెదర్లాండ్స్. ఆమ్‌స్టర్‌డామ్ వైద్యులు 1990ల చివర ఈ జబ్బున్న 214 మంది పిల్లలకు స్టాటిన్ ప్రయోగం మొదలుపెట్టి, వాళ్లు పెద్దయ్యేదాకా గమనించారు. ఫలితాలు 2019లో వెలువడ్డాయి. ముప్పై తొమ్మిదేళ్ల వయసు వచ్చేసరికి వీళ్లలో గుండెజబ్బు నూటికి ఒకరికి వచ్చింది. ఇదే జన్యువున్న వాళ్ల అమ్మానాన్నల్లో అదే వయసుకు నూటికి ఇరవై ఆరుగురికి వచ్చింది. ఆ తరానికి చిన్నప్పుడు స్టాటిన్లు లేవు మరి. ఒకే రక్తం, ఒకే లోపం, మధ్యలో ఒక మాత్ర. ఇంతకంటే సూటిగా ఉండే పోలిక వైద్యశాస్త్రంలో అరుదు.

ఆ మాత్ర పుట్టింది బూజులోంచి. జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో వేలకొద్దీ బూజులను వడకట్టి, 1973లో మొదటి స్టాటిన్‌ను కనిపెట్టారు. ఆ బూజు దొరికింది క్యోటోలోని ఒక ధాన్యం దుకాణపు బియ్యంలో. ఎండో 2024లో తొంభై ఏళ్ల వయసులో కన్నుమూశారు.

సాధారణంగా ఎనిమిది, పదేళ్ల వయసు వచ్చాక, ఆరు నెలలు తిండి మార్చి చూశాక, ఎల్‌డీఎల్ ఇంకా 190 పైనో, ఇంట్లో గుండెజబ్బుల చరిత్ర ఉంటే 160 పైనో ఉన్నప్పుడు పిల్లల వైద్యులు ఈ మందు మొదలుపెడతారు. కాలేయ పరీక్షలు, ఎత్తు, బరువు క్రమం తప్పక చూస్తారు. కండరాల నొప్పులుంటే చెప్పమంటారు. ఎదిగిన ఆడపిల్లలకు గర్భధారణ సమయంలో ఈ మందు విషయంలో తీసుకోవలసిన జాగ్రత్త చెబుతారు. తాతయ్య డబ్బాలోంచి సగం మాత్ర విరిచి ఇవ్వడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పనికిరాదు. పరగడుపున వెల్లుల్లి రెబ్బ మింగించినా నష్టం లేదు, కానీ దాన్ని నమ్ముకుని మందు మానిపిస్తే నష్టం. స్టార్మీ లాంటి తీవ్రమైన కేసుల్లో రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ను యంత్రంతో వడకట్టడం, కొత్త ఇంజెక్షన్లు, కాలేయ మార్పిడి దాకా వెళ్లవలసి వస్తుంది. ఖర్చు సామాన్యులు మోయగలిగేది కాదు.

ఇంతకీ ఈ పిల్లలను ముందే పట్టుకోవడం ఎలా? యూరప్‌లోని స్లొవేనియా చిన్న దేశం, జనాభా హైదరాబాద్‌లో నాలుగో వంతు కూడా ఉండదు. అక్కడ 1995 నుంచి బడిలో చేరేముందు జరిగే అయిదేళ్ల ఆరోగ్య పరీక్షలో పిల్లల కొలెస్ట్రాల్ చూస్తున్నారు. ఎక్కువుంటే ఇంటిల్లిపాదినీ పిలిపిస్తారు. అమెరికా నిపుణులు 2011లో పిల్లలందరికీ 9 నుంచి 11 ఏళ్ల మధ్య ఒకసారి చూడమన్నారు. ఇంట్లో గుండెజబ్బుల చరిత్ర ఉంటే రెండేళ్లు దాటగానే చూడమన్నారు.

మన దగ్గర అంత ఏర్పాటు లేదు, కానీ అయిదేళ్లప్పుడు వేయించే డీపీటీ బూస్టర్ టీకా ఉంది. ఆ రోజు పిల్లల డాక్టరు ముందు కూర్చున్నప్పుడు మీ ఇంట్లో మగవాళ్లలో 55 లోపు, ఆడవాళ్లలో 65 లోపు ఎవరికైనా గుండెపోటు వచ్చిందా, స్టెంట్ వేశారా, నిద్రలోనే పోయారా అన్నది ఆయన అడగకపోయినా మీరే చెప్పండి.