హరిత విద్యుత్తు - విడిగా అమ్ముడుపోయే గుణం

'హరిత విద్యుత్తు' అనే మాట ఇప్పుడు కథల్లోకీ వ్యాసాల్లోకీ చేరింది. వాడే రచయితకు దాని వెనక ఉన్న ఆర్థిక సంబంధం కూడా తెలిసి ఉండాలి. 'మా ఫ్యాక్టరీ నూటికి నూరు పాళ్లూ హరిత విద్యుత్తుతో నడుస్తోంది' అని ఒక కంపెనీ ప్రకటించుకుందనుకుందాం. దాని అర్థం ఆ ఫ్యాక్టరీకి ఎండ కరెంటు వేరే తీగ మీద వస్తోందని కాదు.

సింహాద్రిలో బొగ్గు మండించి తీసిన కరెంటూ, కర్నూలు ప్రాంతపు సోలార్ పలకల కరెంటూ ఒకే గ్రిడ్‌లో కలుస్తాయి. 2013 డిసెంబరు 31న దక్షిణాది గ్రిడ్ తక్కిన దేశపు గ్రిడ్‌తో కలిశాక ఈ కలయిక దేశమంతటిదీ అయింది. రెండు కాలువల నీళ్లు చెరువులో కలిశాక ఏ చేనుకు ఏ కాలువ నీరు పారిందో ఎవరు చెప్పగలరు? ఏ కాలువ ఎంత నీరు తెచ్చిందన్న లెక్క మాత్రం రాసుకోవచ్చు. పునరుత్పాదక ఇంధన సర్టిఫికెట్ అటువంటి లెక్క.

2003 విద్యుత్ చట్టం ప్రకారం డిస్కంలు తమ కొనుగోళ్లలో కొంత వాటా గాలి, ఎండ వంటి వనరుల నుంచే తీసుకోవాలి. అవి తక్కువగా ఉన్న రాష్ట్రాలు ఏం చేయాలి? దానికి జవాబుగా 2010లో కేంద్ర విద్యుత్ నియంత్రణ సంఘం ఈ పద్ధతి తెచ్చింది. ఉత్పత్తిదారు గ్రిడ్‌లోకి పంపే ప్రతి 1000 యూనిట్లకూ ఒక సర్టిఫికెట్. కరెంటును మామూలు కరెంటులా ఒకరికి అమ్ముతాడు. సర్టిఫికెట్‌ను పవర్ ఎక్స్ఛేంజిలో మరొకరికి అమ్ముతాడు. చట్టం నిర్బంధించనివారు కూడా స్వచ్ఛందంగా కొనవచ్చు. ఒకరి లెక్కకు వాడాక అది రద్దు కావాలి.

మార్క్స్ 1867లో 'పెట్టుబడి'ని సరుకు విశ్లేషణతోనే మొదలుపెట్టాడు. ఇక్కడ సరుకు రెండుగా చీలింది. దీపం వెలిగించే ఉపయోగం ఒకరికి పోయింది, 'పచ్చదనం' ఇంకొకరికి పోయింది. కాబట్టి సర్టిఫికెట్ లేకుండా ఆ కరెంటు కొన్నవాడు, అది పక్కనున్న గాలిమర నుంచి వచ్చినా సరే, హరితం అనడానికి వీల్లేదు. చాలామంది పట్టించుకోనిది ఇదే. దీర్ఘకాలిక ఒప్పందంతో కరెంటునూ పచ్చదనాన్నీ కలిపి డిస్కంకు అమ్మే కేంద్రానికి సర్టిఫికెట్ రాదు. ఇస్తే ఒకే ఎండను రెండుసార్లు అమ్మినట్టవుతుంది.

ఇదంతా మోసమని కొట్టిపారేసేవారితో నేను ఏకీభవించను. గిట్టుబాటు ధర ఉంటే ఉత్పత్తిదారుకు ఇది నిజమైన అదనపు రాబడే. చిక్కంతా ఆ ధర దగ్గరే. మొదట్లో సోలార్ సర్టిఫికెట్‌కు కనీస ధర 12,000 రూపాయలు, గరిష్ఠం 17,000. కానీ చాలా డిస్కంలు కొనలేదు, కొననివారిని గట్టిగా అడిగినవారూ లేరు. సర్టిఫికెట్లు లక్షల్లో పేరుకుపోయాయి. 2022 నిబంధనలు కనీస ధరనే తీసేశాయి. 2024 మధ్యలో సర్టిఫికెట్ ధర 150 రూపాయల లోపుకు దిగింది. అంటే యూనిట్‌కు 15 పైసలు కూడా కాదు. పలకలు చౌకబడ్డాయి, నిజమే. కానీ ఆ పైసల్ని చూసి కొత్త కేంద్రం కట్టేదెవరు? 12,000 పెట్టి కొన్నవాడూ 150 పెట్టి కొన్నవాడూ ప్రకటనలో వాడేది మాత్రం ఒకే వాక్యం.

సర్టిఫికెట్ చెప్పేది కరెంటు ఏ వనరుదన్నదే. ఆ పలకల కింది భూమి ఎవరి సాగులో ఉండేదో, పలకలు తుడిచే కూలీకి రోజుకెంత ముడుతుందో రాయడానికి దానిలో గడి లేదు.