ఊరికి పురుడు పోసిన పబ్బు

ఉత్తర వేల్స్‌లోని లాండుడ్నోలో దిగినవాళ్లు ఎవరైనా ముందు సముద్రం వైపే నడుస్తారు. నెలవంకలా వంగిన తీరం, దాని వెంబడి వరసగా తీర్చిన లేత రంగుల హోటళ్లు, 1877లో కట్టిన పియర్. విక్టోరియా రాణి కాలపు విహార పట్టణం ఇంత చెక్కుచెదరకుండా నిలిచిన చోట్లు బ్రిటన్‌లో తక్కువ. అయితే ఈ ఊరి కథను తీరం నుంచి మొదలుపెడితే సగమే తెలుస్తుంది. మిగతా సగం తెలియాలంటే కొండ మొదట్లో, ఓల్డ్ రోడ్డు ఎక్కేచోట ఉన్న కింగ్స్ హెడ్ పబ్బుకు వెళ్లాలి.

ఊళ్లోకెల్లా పాత పబ్బు ఇదే. తీరాన ఒక్క హోటలూ లేని రోజుల్లో ఇక్కడ ఉన్నది గ్రేట్ ఓర్మ్ కొండ వాలున గని కార్మికుల ఇళ్లు, కింద చిత్తడి నేల. కొండ కడుపులో రాగి. సుమారు నాలుగు వేల ఏళ్ల కిందట కంచు యుగం మనుషులు ఎముకలతో, రాతి సుత్తులతో దాన్ని తవ్వుకున్నారు. ఆనాటి సొరంగాలు కొన్ని ఎంత ఇరుకంటే, చిన్నపిల్లలు తప్ప ఇంకెవరూ పట్టరు. ఆ గనులే పదిహేడో శతాబ్దం చివర్లో మళ్లీ తెరుచుకున్నాయి. అలాంటి ఊరికి పబ్బే రచ్చబండ. అప్పటి బ్రిటన్ పల్లెల్లో వేలంపాటలు, సంఘాల సమావేశాలే కాదు, అనుమానాస్పద మరణాలపై కరోనర్ విచారణలు కూడా పబ్బు గదుల్లోనే జరిగేవి.

గని వాటాదారులూ కింగ్స్ హెడ్‌లోనే కూడేవారు. 1840లలో అలాంటి ఒక సమావేశానికి లివర్‌పూల్ నుంచి ఓవెన్ విలియమ్స్ అనే సర్వేయర్ వచ్చాడు. ఈ తీరం స్నానాలకూ విహారానికీ భేషుగ్గా పనికొస్తుందని అతను అన్న మాట ఇక్కడి భూస్వామి మోస్టిన్ ప్రభువు మనుషుల చెవిన పడిందని ఊళ్లో నేటికీ చెప్పుకుంటారు. 1848లో విహార పట్టణం కోసం విలియమ్స్ గీసిన ప్లాను మోస్టిన్ చేతికి అందింది.

ఈ ఘట్టాన్ని పర్యాటకులకు ముచ్చటగా చెబుతారు. దాని వెనకున్న భూమి సంగతి మాత్రం చాలామంది ఎత్తరు. అది దాచవలసిన సంగతి కాదు. 1843లో వచ్చిన ఎన్‌క్లోజర్ చట్టం ఊరి ఉమ్మడి భూములకు హద్దులు గీసింది. 800 ఎకరాలకు పైగా మోస్టిన్ కుటుంబం కిందకు వెళ్లాయి. తరతరాలుగా ఆ బీళ్లలో గొడ్లను మేపుకున్న కుటుంబాలకు దక్కింది నామమాత్రం. లాండుడ్నో అందం ఆ నేల మీదే లేచింది.

తర్వాత అంతా చకచకా జరిగిపోయింది. 1854లో పట్టణాభివృద్ధికి ప్రత్యేక చట్టం, 1858లో రైలు. లంకాషైర్ మిల్లుల పొగలోంచి కాస్త గాలి పీల్చుకోవడానికి జనం తరలివచ్చారు. రాగి గనులు మూతపడ్డాయి. పబ్బు గిరాకీ గనివాళ్ల నుంచి సెలవులకొచ్చినవాళ్లకు మారింది.

ఆ సెలవుల్లోనే పెద్ద చిక్కు వచ్చిపడింది. 1881లో పార్లమెంటు వేల్స్ కోసం విడిగా ఒక చట్టం చేసింది: ఆదివారం పబ్బులు తెరవకూడదు. దాని వెనక ఆంగ్లికన్ చర్చికి చెందని చాపెల్ క్రైస్తవుల పట్టుదల ఉంది. తాగుడుతో కూలిన కాపురాలను వాళ్లు దగ్గర్నుంచి చూశారు. ఆ బాధను తేలిగ్గా తీసిపారేయలేం. కానీ వారమంతా పనిచేసే మనిషికి చేతికి చిక్కేది ఆదివారమే. దూరప్రయాణికులకు మినహాయింపు ఉండటంతో మూడు మైళ్ల అవతల నుంచి వచ్చామని చెప్పుకోవడం ఆనవాయితీ అయింది. క్లబ్బులకు చట్టం వర్తించలేదు. దెబ్బంతా పబ్బు మీదే. 1961లో జిల్లాలవారీగా ఓటింగ్ పెడితే, లాండుడ్నో ఉన్న కార్నార్వన్‌షైర్ మూతకే మొగ్గింది. వేల్స్‌లో చివరి నిషేధం తొలగిపోయేసరికి 1996 వచ్చింది.

ఇప్పుడు కింగ్స్ హెడ్ పక్కనే గ్రేట్ ఓర్మ్ ట్రామ్ బయలుదేరుతుంది. ఆ స్టేషన్ పేరు విక్టోరియా. పూర్వం ఆ స్థలంలో ఉన్న విక్టోరియా హోటల్ పేరే దానికి మిగిలింది. 1902లో మొదలైన ఈ ట్రామ్‌కు ఇంజను ఉండదు. పైనున్న యంత్రం లాగే ఉక్కు తాడు, దారి కింది సగంలో పట్టాల నడుమ రోడ్డు కింద కాలువలాంటి సందులో పరిగెత్తుతుంది. ఒక బండి ఎక్కుతుంటే దాని బరువుకు ఆసరాగా ఇంకో బండి దిగుతుంటుంది.

సగం దారిలో దిగి కాస్త నడిస్తే రాగి గనులు. 1991 నుంచి సందర్శకులను లోపలికి రానిస్తున్నారు. లాండుడ్నో వెళ్లేవాళ్లు పియర్‌ను రెండో రోజుకు వాయిదా వేసుకోండి. మొదటి రోజు ఆ గనులు చూసి, సాయంత్రం కింగ్స్ హెడ్‌లో కూర్చోండి.