ఎడారి గులాబి: కత్తిరింపు, పోషణ

గులాబి అని పేరే గాని ఇది గులాబి జాతిది కాదు. ముళ్ళు లేవు, పరిమళము చెప్పుకొనదగినంత లేదు. మన పెరళ్ళలోని గన్నేరు, నందివర్ధనము, బిళ్ళగన్నేరు ఏ కుటుంబమునకు చెందినవో అడీనియమను ఈ మొక్కయు ఆ కుటుంబమునకే చెందినది. దీని పుట్టినిల్లు సహారాకు దక్షిణమున నున్న ఆఫ్రికా మెట్టభూములు, అరేబియా దక్షిణ భాగము. డెన్మార్కు రాజు పంపిన యాత్రలో యెమెను దేశము చేరి, 1763లో అక్కడనే జ్వరముతో మరణించిన పీటర్ ఫోర్స్కాల్ అను శాస్త్రజ్ఞుడు దీనిని గన్నేరులో ఒక రకముగానే లెక్కించెను. అతని వ్రాతలు 1775లో అచ్చయినవి. 1819లో దీనిని వేరు ప్రజాతిగా గుర్తించి, ఏడెన్ రేవు పేరు మీదుగా అడీనియమని పిలిచిరి.

రాజోలి వంటి ఊళ్ళకు ఈ మొక్క మిక్కిలి తగినది. తుంగభద్ర ఒడ్డుననే యున్నను గద్వాల ప్రాంతము వాన తక్కువైన సీమ. రోహిణి కార్తెలో రోళ్ళు పగులునన్న సామెత ఇక్కడ ఉత్తమాట కాదు. ఆ ఎండలో తక్కిన కుండీలలోని మొక్కలు తలలు వాల్చినప్పుడు డాబా మీది అడీనియము నిండుగా పూయును. మొదలు ఉబ్బి బుడ్డివలె నుండుట చూచియే యుందురు. అది దాని నీటితొట్టి. అయినను ఏటేటా ఇండ్లలో ఎన్నో అడీనియములు చచ్చుచున్నవి. ఎండకు కాదు, యజమానుల ఆదరమునకు.

వరద మాట రాజోలివారికి ఎవరును చెప్పనక్కరలేదు. 2009 అక్టోబరు మొదట తుంగభద్ర పొంగి ఊరిని ముంచిన దినములు మరచునవి కావు. ఈ మొక్కకు మాత్రము వరద రానక్కరలేదు; కుండీక్రింది పళ్ళెములో రెండు మూడు దినములు నిలిచిన నీరు చాలును, వేళ్ళు కుళ్ళిపోవును. కనుక పళ్ళెము తీసివేయుడు. వ్రేలు మన్నులో రెండు అంగుళములు దింపి చూచి, తడి తగలనప్పుడే నీరు పోయవలెను. పోసినప్పుడు అడుగు రంధ్రమునుండి కారునంతగా పోయవలెను. చలికాలమున ఆకు రాల్చిన మొక్కకు పదిదినముల కొకసారి కొద్ది నీరు చాలును. మట్టిలో రెండు పాళ్ళు గరుకు ఇసుక, ఇటుక ముక్కలు, ఒక పాలు ఎర్రమన్ను, ఒక పాలు బాగుగా చివికిన పశువుల ఎరువు ఉండిన మేలు. నల్లరేగడి వలదు. అది నీటిని విడువదు.

ఇక కత్తిరింపు. చాలమంది చేయి రాక మానుకొనునది ఇదియే. ఈ మొక్క పువ్వులు క్రొత్త చిగురు కొనలందే పూయును. కత్తిరింపని కొమ్మ పొడుగై, మొదట బోడిగా, చివర నాలుగు ఆకులతో, రెండు పువ్వులతో నిలుచును. కోసిన చోట రెండు మూడు చిగుళ్ళు వచ్చును. కొనలు పెరిగిన పువ్వులు పెరుగును. సమయమే ప్రధానము. శివరాత్రికి చలి శివశివా యని పోవునందురు గదా, ఆనాటినుండి ఉగాది లోపల కోయుడు. వేసవి ముందున్నది గనుక గాయము త్వరగా ఎండును. సుమారు రెండు నెలలకు పూత వచ్చును. మృగశిర దాటిన పిదప కత్తి పట్టరాదు. ఈ వ్రాయువాడు ఒకసారి శ్రావణపు ముసురులో తొందరపడి, ఎనిమిదేండ్ల మొక్కను పోగొట్టుకొన్నాడు. కోతలోనికి వాననీరు దిగి, కుళ్ళు కొమ్మనుండి మొదటికి ప్రాకినది.

కత్తిని స్పిరిటుతో తుడిచి, మొక్క మొక్కకు మరల తుడువవలెను. కణుపునకు కొంచెము పైన, నీరు జారిపోవునట్లు ఏటవాలుగా ఒక్క దెబ్బకు కోయుడు. లోపలికి పెరిగినవి, ఒకదానినొకటి ఒరయునవి ముందు తీసివేసి, తక్కినవానిని మూడవవంతుకు లేక సగమునకు తగ్గించవచ్చును. కారు పాలను గుడ్డతో అద్ది, కోతకు కాపరు ఆక్సీక్లోరైడు ముద్ద పూసి, నాలుగైదు దినములు నీరు మానుడు. నీడ పోయిన కాండము బెరడు ఒక్కసారిగా మండుటెండకు కమిలిపోవును. కాన వారము దినములు ఉదయపు ఎండలో నుంచుడు.

ఆ పాల విషయము తేలికగా తీసికొనరాదు. గన్నేరు విషమని మనమెరుగుదుము, ఇదియు అట్టిదే. గుండెను దెబ్బతీయు విషమది. ఆఫ్రికాలో కొన్ని తెగలవారు దీని రసమును బాణముల మొనలకు పూసెడివారు. కోయునప్పుడు చేతులకు తొడుగులు వేసికొనుడు, కన్ను తుడుచుకొనకుడు, పని ముగిసిన పిదప సబ్బుతో కడుగుకొనుడు. కోసిన కొమ్మలను వీథిలో మేకలకు, పశువులకు అందునట్లు పారవేయక గుంత తీసి పూడ్చుడు. పసిపిల్లలున్న ఇంట కుండీని ఎత్తున నుంచుట మంచిది. ఎవరైన నమిలినచో ఇంటి చిట్కాలతో కాలము గడుపక వెంటనే ఆస్పత్రికి తీసికొనిపోవలెను.

మొదలు మెత్తబడిన, బొటనవ్రేలితో నొక్కి చూడుడు. ముడుతలు పడియు, మన్ను పొడిగా నుండినచో అది దాహము, నీటితో తేరుకొనును. మన్ను తడిగా నుండి, నొక్కినచోట గుజ్జుగా జారి కంపు కొట్టినచో కుళ్ళు. మొక్కను పెరికి, గోధుమరంగు పోయి తెల్లని గట్టి భాగము కనబడువరకు చెక్కి, మందు పూసి, వారము దినములు నీడలో ఎండబెట్టి పొడి ఇసుకమన్నులో నాటుడు. కొన్ని బ్రతుకును.

కాయలు కొమ్ములవలె జంటగా కాయును. పగిలిన వెంటనే గింజలు రెండు చివరల నున్న పట్టుకుచ్చులతో గాలికి ఎగిరిపోవును. కాయ ముదురుచుండగనే దారము చుట్టి కట్టవలెను. చేతిమగ్గముల ఊరిలో నూలుపోగుకు కరవా! తాజా గింజ వారము లోపలనే మొలచును, మొదలును చక్కగా ఉబ్బును. రంగు మాత్రము తల్లిదే వచ్చునని నమ్మరాదు; ఆ రంగే కావలెనన్న అంటు కట్టించుకొనవలెను.