కెర్నల్‌లో పాత కోడ్‌కు సెలవు

2012 డిసెంబరులో లినక్స్ కెర్నల్ నుంచి ఇంటెల్ 386 ప్రాసెసర్‌కు సంబంధించిన కోడ్‌ను తీసేశారు. 2013 ఫిబ్రవరిలో విడుదలైన 3.8 వెర్షన్‌తో ఆ మార్పు అమల్లోకి వచ్చింది. హెల్సింకీలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ 1991 జనవరిలో కొనుక్కున్న కంప్యూటర్‌లో ఉన్నది ఈ 386 చిప్పే. లినక్స్ పుట్టింది దానిమీదే. తొలిరోజుల్లో ఆ వంశపు చిప్పుల మీద తప్ప ఇంకెక్కడా నడిచేది కాదు. అలాంటిది, ఏ యంత్రం కోసం రాశారో ఆ యంత్రంమీదే కొత్త లినక్స్ ఇక లేవదు. మార్పులను సమర్పించిన ఇంగో మోల్నార్ ఈ సంగతి గుర్తుచేస్తే, తనకు అలాంటి మమకారాలు లేవని చెప్పి టోర్వాల్డ్స్ వాటిని స్వీకరించాడు.

ఇరవయ్యేళ్లు పనిచేసిన కోడ్ ఒక మూల పడి ఉంటే వచ్చిన నష్టమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. హార్డ్ డిస్కులో చోటు కరువు లేదు. వాడేవాళ్లు వాడతారు, అక్కర్లేనివాళ్లు వదిలేస్తారు. ఈ వాదన పైకి సబబుగానే ఉంటుంది. అది ఎందుకు నిలవదో తెలియాలంటే 386లో ఉన్న ఒక లోటు గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి.

కెర్నల్ అంటే హార్డ్‌వేర్‌కూ మనం వాడే ప్రోగ్రాములకూ నడుమ నిలిచే ప్రోగ్రాము. మెమరీని ఎవరికెంత పంచాలో, ప్రాసెసర్‌ను ఎవరికెంతసేపు ఇవ్వాలో, డిస్కు మీద ఏది ఎక్కడ రాయాలో నిర్ణయించేది అదే. మీ చేతిలో ఆండ్రాయిడ్ ఫోను ఉంటే అందులో నడుస్తున్నది లినక్స్ కెర్నలే. మెమరీని అది పేజీలుగా విడగొట్టి, కొన్నిటిని చదవడానికి మాత్రమే వీలుండేలా గుర్తుపెడుతుంది. ఒక ప్రోగ్రాము తనలాంటి రెండో ప్రతిని పుట్టించినప్పుడు, ఇద్దరికీ మెమరీ మొత్తాన్నీ వెంటనే నకలు తీసివ్వదు. ఒకే పేజీలను ఇద్దరికీ చూపించి, వాటిమీద రాయకుండా అడ్డు పెడుతుంది. ఎవరైనా రాయబోయినప్పుడు ప్రాసెసర్ ఆపి కెర్నల్‌కు కబురు చేస్తుంది. అప్పుడు ఆ ఒక్క పేజీకే నకలు తీస్తారు. చాలా పొదుపైన ఏర్పాటు ఇది.

386తో చిక్కు ఇక్కడే. రాయబోయింది మామూలు ప్రోగ్రాము అయితే అది ఆపుతుంది. రాయబోయింది కెర్నలే అయితే ఆపదు, నిషేధం ఉన్న పేజీమీద కూడా రాయనిస్తుంది. ఒక ఫైలు చదివి ఆ డేటాను ప్రోగ్రాము మెమరీలో పెట్టమన్నప్పుడు అక్కడ రాసేది కెర్నలే. కాబట్టి 386 మీద కెర్నల్ ప్రతిసారీ ముందుగా ఆ పేజీల్లో రాయవచ్చో లేదో తానే ఒక్కొక్కటిగా చూసుకోవాలి. చూసిన క్షణానికీ రాసే క్షణానికీ మధ్య అదే మెమరీని పంచుకుంటూ పక్కనే నడుస్తున్న మరో పని (థ్రెడ్) పేజీల అమరికను మార్చేస్తే, ఆ తనిఖీకి విలువ లేదు. 486లో ఇంటెల్ ఒక నియంత్రణ బిట్టు చేర్చి ఈ లోటు తీర్చింది. రెండు విలువలను పోల్చి, సరిపోతేనే మార్చే పనిని ఒకే అడుగులో చేసే ఆదేశం కూడా 486తోనే వచ్చింది. ఒకేసారి నాలుగైదు పనులు ఒకే డేటా కోసం పోటీపడే చోట ఆ ఆదేశం లేనిదే నేటి కెర్నల్‌కు పూట గడవదు.

ఈ రెండూ లేని చిప్పు కోసం కెర్నల్‌లో వేరే దారులు వేసి ఉంచారు. మెమరీ విధానంలో గానీ, ఒకే డేటాను ఇద్దరు ఒకేసారి మార్చకుండా వేసే తాళాల ఏర్పాటులో గానీ ఏ మార్పు చేయబోయినా ఆ దారి చెడిపోకుండా చూసుకోవాలి. ఏళ్ల తరబడి తమకు అదనపు పని పెట్టింది ఇదేనని మోల్నార్ తన వినతిలో రాశాడు. అంటే, ఓ మూల పడి ఉన్న కోడ్ అంటూ కెర్నల్‌లో ఏదీ లేదు. ప్రతి కొత్త మార్పూ దానిని కలుపుకునే పోవాలి. వాడేవాళ్లు పదిమంది ఉన్నా ఒక్కరూ లేకపోయినా ఆ ఖర్చు తగ్గదు. ఆ ఖర్చు పెట్టేది ఎక్కువగా, ఆ యంత్రాన్ని కంటితో కూడా చూడని ఇంజనీర్లు. ఇంటెల్ 2007లోనే 386 తయారీ ఆపేసింది.

శ్రమ ఒక్కటే అయితే ఓర్చుకోవచ్చు. ప్రమాదం కూడా ఉంది. దీనికి నాకు తెలిసిన గట్టి ఉదాహరణ ఎకోనెట్. 1980లలో బ్రిటన్ బడుల్లో బీబీసీ మైక్రో కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలపడానికి ఏకార్న్ కంపెనీ తయారుచేసిన నెట్‌వర్క్ అది. లినక్స్‌లోనూ దానికి ఒక మాడ్యూల్ ఉండేది. 2010 నాటికి దాని అవసరం ఉన్నవాళ్లను వెతికి పట్టుకోవడమే కష్టం. కానీ ఉబుంటు వంటి లినక్స్ పంపిణీలు ఆ మాడ్యూల్‌నూ మిగతావాటితో పాటు అందరికీ ఇస్తూనే ఉన్నాయి. ఎవరైనా ఆ రకం సాకెట్ అడిగితే కెర్నల్ మాడ్యూల్‌ను దానంతట అదే ఎక్కించుకుంటుంది. అడిగినవాడికి ప్రత్యేక అధికారాలు ఉండనక్కర్లేదు. ఆ ఏడాది ఎకోనెట్ కోడ్‌లో లోపాలు బయటపడ్డాయి. వాటిని కెర్నల్‌లోని మరో లోపంతో జతచేసి, మామూలు వాడుకరి మొత్తం యంత్రంమీద పెత్తనం సంపాదించగలిగే ప్రోగ్రామును ఒక భద్రతా పరిశోధకుడు రాసి చూపించాడు. ఎకోనెట్ పేరే ఎరగనివాళ్ల కంప్యూటర్లు ఎకోనెట్ మూలంగా ప్రమాదంలో పడ్డాయి. 2012లో దాన్ని కెర్నల్ నుంచి తీసేశారు.

ఇలాంటి దెబ్బ తెలుగు నేలకూ తగిలింది. 2017 మేలో వన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకినప్పుడు, ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, గుంటూరు, విశాఖపట్నం వంటి జిల్లాల్లో పోలీసు శాఖ కంప్యూటర్లూ దాని బారినపడ్డాయి. అది పాకింది విండోస్‌లో ఫైళ్లు పంచుకోవడానికి పనికొచ్చే ఎస్‌ఎంబీ ప్రోటోకాల్ తొలి వెర్షన్‌లోని లోపం గుండా. ఆ వెర్షన్ మూలాలు 1980లవి. దాన్ని వాడటం మానండని మైక్రోసాఫ్ట్ నిపుణులు 2016లోనే గట్టిగా చెప్పారు. లోపాన్ని సరిదిద్దే ప్యాచ్ 2017 మార్చిలో వచ్చింది. అయినా లక్షల కంప్యూటర్లలో ఆ లోపం తెరిచే ఉంది. అదే ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ నుంచి ఆ పాత ప్రోటోకాల్‌ను మామూలుగా అమర్చడం మానేశారు. ఈ పని రెండు మూడేళ్ల ముందే జరిగి ఉంటే ఎంతో నష్టం తప్పేదని నా నమ్మకం.

మరి పాతదల్లా పీకి పారేయవచ్చా అంటే, కుదరదు. లినక్స్‌లో అందరూ తలొగ్గే సూత్రం ఒకటుంది: నిన్న నడిచిన ప్రోగ్రాము కెర్నల్ మారినందువల్ల ఇవాళ ఆగిపోకూడదు. కెర్నల్ లోపలి ఏర్పాట్లను ఎంతైనా మార్చుకోవచ్చు గానీ, ప్రోగ్రాములకు కనిపించే ముఖాన్ని చెడగొట్టడానికి వీల్లేదు. ఈ విషయంలో టోర్వాల్డ్స్ ఎంతటి సీనియర్ డెవలపర్‌నైనా కోప్పడిన సందర్భాలున్నాయి. నా దృష్టిలో లినక్స్ ఇంత దూరం రావడానికి ఈ పట్టుదల ముఖ్య కారణాల్లో ఒకటి. అందుకే బయటికి కనిపించేదాన్ని తీసేయాలంటే, వాడేవాళ్లు లేరని ముందు నమ్మకం కుదరాలి.

ఆ నమ్మకం కుదరడమే అసలు కష్టం. ఎవరు ఏ ఫీచర్ వాడుతున్నారో లినక్స్ కెర్నల్ ఎవరికీ కబురు పంపదు. పంపకూడదు కూడా. కాబట్టి లెక్కలు ఉండవు, ఆనవాళ్లే ఉంటాయి. ఒక డ్రైవర్‌లో చాలాకాలంగా కంపైల్ కూడా కాని తప్పు ఉండి, ఎవరూ ఫిర్యాదు చేయలేదంటే దాన్ని నడిపేవాళ్లు లేరనే. ఏ భాగాన్ని ఎవరు చూసుకుంటున్నారో చెప్పే ఫైలు ఒకటి కెర్నల్‌తోపాటే వస్తుంది. అందులో ఒక భాగం పక్కన అనాథ అని రాసి ఉందంటే దాని బాధ్యత మోసేవారు లేరని. 2019లో ఫ్లాపీ డ్రైవర్‌కు ఆ గతే పట్టింది. దాన్ని చూసుకుంటున్న డెవలపర్ దగ్గర పనిచేసే ఫ్లాపీ డ్రైవే లేకపోయింది. అయితే ఆ తర్వాత మరొకరు ముందుకొచ్చి బాధ్యత తీసుకోవడంతో డ్రైవర్ నిలిచింది. పాతదనం ఒక్కటే ఉరితాడు కాదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

అంచనాలు తారుమారయ్యే సందర్భాలూ ఉన్నాయి. హిటాచీ వారి హెచ్8/300 మైక్రోకంట్రోలర్లకు ఉన్న మద్దతును 3.13 వెర్షన్‌లో తీసేశారు. పట్టించుకునే మనిషి దొరకడంతో 4.2లో తిరిగి చేర్చారు. పని మళ్లీ నిలిచిపోవడంతో 2022లో 5.19 నుంచి రెండోసారి తీసేశారు. తీసేసిన కోడ్ చరిత్రలో భద్రంగానే ఉంటుంది, కావాలంటే తిరిగి తేవచ్చు. ఈ వెసులుబాటు ఉన్నందువల్లే తొలగింపు నిర్ణయాలు కొంత ధైర్యంగా తీసుకోగలుగుతున్నారు.

సరిగ్గా జరిగిన తొలగింపు ఎలా ఉంటుందో రైజర్‌ఎఫ్‌ఎస్ ఉదంతం చూపిస్తుంది. 2001లో కెర్నల్‌లో చేరిన ఈ ఫైల్ సిస్టమ్‌కు ఒకప్పుడు మంచి ఆదరణ ఉండేది. జర్మనీకి చెందిన సూసే పంపిణీ కొన్నేళ్లపాటు తన వాడుకరులకు మొదటి ఎంపికగా దీన్నే ఇచ్చింది. 2022 నాటికి దాన్ని అభివృద్ధి చేసేవాళ్లు లేరు. అదే సమయంలో మాథ్యూ విల్కాక్స్ అనే డెవలపర్, ఫైళ్ల డేటాను మెమరీలో నిలవ ఉంచే పద్ధతినే కొత్తగా మలుస్తున్నాడు. అందుకు ప్రతి ఫైల్ సిస్టమ్ కోడ్‌నూ మార్చుకుంటూ రావాలి. ఒక పాత ఏర్పాటును తీసేద్దామంటే దాన్ని ఇంకా వాడుతున్నది రైజర్‌ఎఫ్‌ఎస్ ఒక్కటే. రైజర్‌ఎఫ్‌ఎస్‌ను తీసేయవచ్చా అని ఆయన అడిగాడు. వెంటనే తీసేయలేదు. యాన్ కారా అనే డెవలపర్ 5.18 వెర్షన్‌లో ఒక హెచ్చరిక చేర్చాడు. ఆ ఫైల్ సిస్టమ్ ఉన్న డిస్కును తగిలించినప్పుడల్లా, 2025లో ఇది కెర్నల్ నుంచి పోతుందని సందేశం కనిపిస్తుంది. డేటాను వేరేచోటికి మార్చుకోవడానికి అది గడువు. 2025 జనవరిలో విడుదలైన 6.13లో రైజర్‌ఎఫ్‌ఎస్ లేదు. 32 వేలకు పైగా పంక్తులు తగ్గాయి. కారణం, గడువు, వాడుకరి కంటపడే హెచ్చరిక: మూడూ కుదిరాయి.

ఐటానియం విషయంలోనూ మర్యాద పాటించారు. ఇంటెల్, హెచ్‌పీ కలిసి భారీ ఆశలతో 2001లో తెచ్చిన ఈ ప్రాసెసర్ సరఫరా 2021లో ముగిసింది. దానికోసం తన సమయం ఖర్చుపెట్టడం గానీ, ఇతరులను పెట్టమనడం గానీ సమర్థించుకోలేనని, బూటింగ్‌కు సంబంధించిన కోడ్ చూసుకునే ఆర్డ్ బీషువెల్ వాదించాడు. దీర్ఘకాలం మద్దతు ఉండే 6.6 విడుదలయ్యేదాకా ఆగి, ఆ వెంటనే 6.7లో తీసేశారు. దాంతో ఐటానియం వాడేవాళ్లకు మరికొన్నేళ్లు భద్రతా ప్యాచ్‌లు అందే వెర్షన్ ఒకటి మిగిలింది. అంతకుముందు 2018లో ఆర్న్డ్ బెర్గ్‌మన్ అనే డెవలపర్ ఒక్క ఊపున ఎనిమిది రకాల ప్రాసెసర్ల కోడ్‌ను తొలగించి దాదాపు 5 లక్షల పంక్తులు తగ్గించాడు. అయినా మొత్తం కెర్నల్ ఇప్పుడు సుమారు 4 కోట్ల పంక్తులు. పోయేదానికన్నా చేరేదే ఎప్పుడూ ఎక్కువ.

అన్నిసార్లూ ఇంత నెమ్మదిగా జరగదు. టెక్స్ట్ కన్సోల్‌లో షిఫ్ట్, పేజ్ అప్ కలిపి నొక్కితే పైకి వెళ్లిపోయిన వరుసలు తిరిగి కనిపించేవి. బూట్ అవుతున్నప్పుడు వచ్చిన దోషాన్ని చదువుకోవడానికి ఎంతో అక్కరకొచ్చే సదుపాయం. అందులో భద్రతా లోపాలు బయటపడటం, బాగుచేసే బాధ్యత ఎవరూ తీసుకోకపోవడంతో 2020 సెప్టెంబరులో టోర్వాల్డ్స్ దాన్ని తీసేశాడు. చాలామంది నొచ్చుకున్నారు. వారి బాధ న్యాయమైనదే. ఎవరూ వాడనిది పోవడం వేరు, నిజంగా వాడుతున్నదాన్ని గడువు లేకుండా పోగొట్టుకోవడం వేరు. భద్రత దృష్ట్యా ఆ నిర్ణయం తప్పదనుకున్నా, ముందే ఎవరైనా ఆ కోడ్‌ను దత్తత తీసుకుని ఉంటే ఆ అవసరమే రాకపోయేది.

ఇప్పుడు వంతు 486ది. దాని కోసం ఎవరూ ఒక్క క్షణం కూడా వృథా చేయనక్కర్లేదన్న అభిప్రాయాన్ని టోర్వాల్డ్స్ 2025లో బయటపెట్టాడు. తొలగించే ప్యాచ్‌లను మళ్లీ మోల్నారే సిద్ధం చేశాడు. 386 విషయంలో పనిచేసిన తర్కమే దీనికీ వర్తిస్తుంది, నా ఓటు కూడా అటే. పాత యంత్రాల మీద పాత కెర్నల్ ఎప్పటిలాగే నడుస్తుంది. ఎవరూ దాన్ని వెనక్కి లాక్కోరు. విద్యుత్తు, రైల్వే వంటి రంగాల్లో దశాబ్దాలపాటు పనిచేయాల్సిన పరికరాల కోసం కొన్ని కెర్నల్ వెర్షన్లను కనీసం పదేళ్లు కాపాడే ప్రయత్నం సివిల్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ప్లాట్‌ఫామ్ పేరుతో విడిగా సాగుతోంది.

మీ కళాశాల ప్రయోగశాలలోనో, ఫ్యాక్టరీలోనో, ఆసుపత్రిలోనో ఒక పాత పరికరం లినక్స్ మీద పనిచేస్తూ ఉంటే, దాన్ని మరిచిపోకండి. ఏ కెర్నల్ నడుస్తోందో, ఏ డ్రైవర్ మీద ఆధారపడి ఉందో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. బూట్ సందేశాల్లో త్వరలో తొలగిస్తామన్న హెచ్చరిక ఉందేమో చూడండి. కొత్త కెర్నల్ వచ్చినప్పుడు దాన్ని ఆ యంత్రం మీద ఒకసారి పరీక్షించి, పనిచేసిందనో చేయలేదనో ఆ భాగాన్ని చూసుకునే డెవలపర్‌కు నాలుగు ముక్కలు రాయండి. అలా రాసినవాళ్లు ఉన్నారని తెలిస్తే గడువు ఇస్తున్నారు, ఒక్కోసారి నిర్ణయమే మార్చుకుంటున్నారు.