మనోవైజ్ఞానిక సేవల్లో సామాజిక మాధ్యమాలు: గోప్యత, సమ్మతి

రంగారెడ్డి జిల్లాలోని మహేశ్వరం ఒకవైపు వ్యవసాయ గ్రామాలతోనూ, మరొకవైపు 2008లో ప్రారంభమైన శంషాబాద్ విమానాశ్రయ పరిసరాల ఉపాధులతోనూ ముడిపడిన మండలం. ఇటువంటి చోట మానసిక చికిత్స అనగానే జనం తలచుకొనేది ఎర్రగడ్డ వైద్యశాలను. ఆ ఊరి పేరే వాడుకలో ఎత్తిపొడుపు మాటగా మారడం భాషాపరంగా గమనించదగిన విషయం. ఆ నిందకు భయపడేవారికి ఫోను ఒక చాటు అయింది. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవ 14416 సంఖ్యపై ఉచితంగా లభిస్తున్నది.

అయితే ఈ చాటు ఎంతవరకు చాటు? ఇంటిల్లిపాదికీ ఒకే ఫోను ఉన్నచోట కోడలు నిపుణురాలికి పంపిన వాట్సాప్ సందేశాన్ని అత్తగారో, భర్తో చదవవచ్చు. కనుక సంభాషణకు ముందే “ఇప్పుడు ఒంటరిగా ఉన్నారా?” అని అడగడం, మధ్యలో ఎవరైనా వస్తే ఆపడానికి ఒక గుర్తుమాట అనుకోవడం మర్యాద మాత్రమే కాదు, చికిత్సలో భాగం.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 23వ సెక్షన్ గోప్యతను రోగి హక్కుగా గుర్తించింది. ప్రాణహాని నివారణ వంటి కొన్ని మినహాయింపులూ అందులోనే ఉన్నాయి. ఎలక్ట్రానిక్ రూపంలో నిలువచేసిన సమాచారానికీ ఈ హక్కు వర్తిస్తుందని 24వ సెక్షన్ స్పష్టం చేసింది. 2020 మార్చిలో వెలువడిన టెలీమెడిసిన్ మార్గదర్శకాలు మాత్రం నమోదిత వైద్యులను ఉద్దేశించినవి. మనస్తత్వ నిపుణుల్లో అధికులు వైద్యపట్టా ఉన్నవారు కారు. ఈ ఖాళీని వృత్తినీతే పూరించాలి.

అసలు చిక్కు సామాజిక మాధ్యమాల్లో ఉంది. పేరు మార్చి ఒక “కేసు”ను ఫేస్‌బుక్‌లో రాస్తే గోప్యత దక్కినట్లేనని చాలామంది భావిస్తారు. మహానగరంలో అది కొంత నిజం కావచ్చు. కాని ఊరు, వయసు, విమానాశ్రయంలో చేసే పని, విడిపోయిన సంబంధం అనే నాలుగు వివరాలు చాలు, ఆ ఊరివారు మనిషిని పోల్చుకోవడానికి. చదివినవారికి అవగాహన కలుగుతుందన్న వాదన సబబే; కాని ఆ అవగాహనకు మూల్యం చెల్లించేది రాసినవారు కాదు. చికిత్స పొందుతున్న వ్యక్తి పంపిన స్నేహాభ్యర్థనను అంగీకరించడమూ ఇటువంటిదే. వారి స్నేహితుల జాబితాలో నిపుణుడి పేరు కనిపిస్తేనే బంధువులు ఆరా తీస్తారు. తిరస్కరించడానికి గల కారణాన్ని తొలి సమావేశంలోనే చెప్పి ఉంచితే అది అవమానంగా తోచదు.

సమ్మతి విషయంలో భాష ముఖ్యం. రోగికి అర్థమయ్యే భాషలో, రూపంలో సమాచారం ఇవ్వాలని అదే చట్టపు 22వ సెక్షన్ చెబుతున్నది. ఆంగ్లపత్రాన్ని సంస్కృత సమాసాలతో అనువదించి సంతకం తీసుకొంటే ఆ షరతు నెరవేరదు. “దత్తాంశ నిల్వకు సమ్మతిస్తున్నాను” అనే వాక్యం కంటె, “మీ మాటలు రికార్డు చేస్తాం, ఇంతకాలం ఉంచుతాం, వద్దంటే ఆపేస్తాం” అన్న మూడు ముక్కలు మహేశ్వరం రైతుకు సూటిగా అందుతాయి.