దొనకొండ ప్రాంతపు వంగ కుటుంబ మొక్కలు – వాటినాశ్రయించే కీటకాలు: గుర్తింపు

1. ఉపోద్ఘాతం

పశ్చిమ ప్రకాశంలోని దొనకొండ పరిసరాలు ప్రధానంగా వర్షాధారమైనవి. ఇక్కడి రైతు దృష్టిలో మిరప, పొగాకు, వంగ, టమాటా వేర్వేరు పంటలు. వృక్షశాస్త్రరీత్యా ఇవన్నీ సొలనేసీ అనే ఒకే కుటుంబానికి చెందినవి. గట్లపై మొలిచే కామంచి, నేలములక, ఉమ్మెత్త, పెన్నేరు కూడా ఈ కుటుంబంలోనివే. ఈ బంధుత్వం తెలియకపోతే పంటకు పురుగు ఎక్కడినుండి వచ్చిందో బోధపడదు. మేలు చేసే కీటకాన్ని చంపుకొనే ప్రమాదమూ ఉంది. ఈ రెండింటి గుర్తింపును వివరించడమే ఈ వ్యాసోద్దేశం.

2. మొక్కల గుర్తింపు

ఈ కుటుంబంలో పువ్వుకు సాధారణంగా అయిదు రక్షకపత్రాలు, అడుగున కలిసిపోయిన అయిదు ఆకర్షణపత్రాలు, అయిదు కేసరాలు ఉంటాయి. వంగ, మిరప కాయలకు ముచ్చిక వద్ద రక్షకపత్రాలు రాలక నిలిచి ఉంటాయి. నేలములక నేలబారుగా పాకుతుంది; ఒళ్లంతా ముళ్లు, ఊదా పువ్వులు, తెల్లచారలున్న పచ్చనికాయలు పండి పసుపురంగుకు మారుతాయి. కామంచికి ముళ్లుండవు, చిన్న తెల్లపువ్వులు, గుత్తులుగా నల్లని పండ్లు ఉంటాయి. దాని పచ్చికాయల్లో సొలనిన్ అనే విషపదార్థం ఉంటుంది. ఉమ్మెత్తకు గరాటు వంటి పెద్ద పువ్వు, ముళ్లకాయ ఉంటాయి. ఇది అన్ని భాగాలలోనూ విషపూరితమే.

3. కీటకాల గుర్తింపు

వంగ ఆకుపై పచ్చదనాన్ని గోకి, ఈనెలను మాత్రం మిగిల్చి జల్లెడలా చేసేది అక్షింతల పురుగు. ఇది కామంచి, ఉమ్మెత్త, పెన్నేరులపై కూడా బతుకుతుంది. పేనుబంకను తినే మిత్రపురుగైన అక్షింతల పురుగు దీనికి దగ్గరి బంధువే కనుక పొరపాటు సహజం. శత్రుపురుగు రెక్కలపై సన్నని నూగు ఉండి కాంతిహీనంగా కనిపిస్తుంది; మిత్రపురుగు నున్నగా మెరుస్తుంది. శత్రుపురుగు పిల్ల పసుపురంగులో, శాఖలుగా చీలిన ముళ్లతో ఉంటుంది.

మిరప ఆకు అంచులు పైకి ముడుచుకుంటే తామరపురుగులు, కిందికి ముడుచుకుంటే నల్లి కారణమని గ్రహించాలి. 2021లో తెలుగు రాష్ట్రాల మిరపను దెబ్బతీసిన నల్ల తామరపురుగు ప్రధానంగా పూలలో చేరుతుంది. వంగలో లేతకొమ్మ వాలిపోతే మొవ్వ, కాయ తొలిచే పురుగును అనుమానించాలి.

పొగాకు లద్దెపురుగు పేరు పొగాకుదే అయినా అది అనేక కుటుంబాల మొక్కలను తింటుంది. ఆముదం ఆకు దానికి మరింత ప్రీతి. అందుకే పొగాకు, మిరప చేల చుట్టూ ఆముదాన్ని ఎరపంటగా వేసి, ఆకులపై గోధుమరంగు నూగుతో కప్పిన గుడ్ల సముదాయాలను ఏరివేస్తారు.

4. ముగింపు

చేలు ఖాళీగా ఉన్న కాలంలో కూడా గట్లపై వంగ కుటుంబ మొక్కలు పచ్చగా ఉంటే కీటకాలు వాటిపై నిలిచి, తరువాతి పంటకు చేరగలవు. కనుక పరిశీలన చేనితోపాటు గట్టుపైనా జరగాలి. మందు కొట్టే ముందు ఆకు అడుగుభాగాన్ని తిప్పి చూసి, పురుగు ఆకును తింటున్నదా, పేనుబంకను తింటున్నదా అని నిర్ధారించుకుంటే ఖర్చు తగ్గుతుంది, మిత్రకీటకం మిగులుతుంది.