చుక్కల వెలుగును తూచే లెక్క

రెండు చుక్కల వెలుగును పోల్చి చెప్పాలంటే ప్రపంచంలో ఏ ఖగోళ శాస్త్రవేత్త అయినా 2.512 అనే అంకె దగ్గరికి రావలసిందే. ఆ అంకెను స్థిరపరిచిన నార్మన్ రాబర్ట్ పాగ్సన్ ఇంగ్లండులో పుట్టారు. కానీ 1861 నుంచి చివరిదాకా, 30 ఏళ్లు చెన్నపట్నంలోనే పనిచేసి 1891లో ఇక్కడే కన్నుమూశారు. పాఠ్యపుస్తకాల్లో ఆయన సూత్రం ఉంటుంది. ఆయన ఏ ఊళ్లో బతికారో మాత్రం ఉండదు.

ఆయన పనిచేసిన మద్రాసు వేధశాల నుంగంబాకంలో ఉండేది. ఇప్పుడు జార్జి టౌన్ అంటున్న ముత్యాలపేట, పెద్దనాయకన్‌పేటలు అప్పట్లో బ్లాక్ టౌన్. అక్కడి నుంచి వేధశాల నైరుతి దిక్కుగా నాలుగైదు కిలోమీటర్ల దూరం. 1792లో కట్టిన ఆ భవనం ఇప్పుడు లేదు. దాని నల్లరాతి స్తంభం మాత్రం నుంగంబాకం వాతావరణ కేంద్రం ఆవరణలో మిగిలి ఉంది. దాని మీద చెక్కిన శాసనం తెలుగులో కూడా ఉంది. చెన్నపట్నపు తెలుగువాళ్లు ఒకసారి వెళ్లి చూసి రావలసిన రాయి అది.

చుక్కలను వెలుగును బట్టి తరగతులుగా విడగొట్టడం చాలా పాత పద్ధతి. క్రీస్తు శకం రెండో శతాబ్దంలో ప్టోలమీ తన పట్టికలో వెయ్యికి పైగా నక్షత్రాలను ఆరు తరగతులు చేశాడు. బాగా వెలిగేవి మొదటి తరగతి, కంటికి అతి కష్టం మీద ఆనేవి ఆరో తరగతి. అందుకే ఈనాటికీ అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లను తికమకపెట్టే ఈ తలకిందుల వరస అప్పటిదే.

కంటికి కనిపించే చుక్కలతో సరిపెట్టుకున్నంత కాలం ఈ వర్గీకరణ చాలింది. టెలిస్కోపులు వచ్చాక చిక్కు మొదలైంది. ఆరో తరగతికి కింద ఏడు, ఎనిమిది, తొమ్మిది అంటూ ఎవరికి తోచినట్టు వాళ్లు మెట్లు కట్టుకుంటూ పోయారు. ఒకరు పదో తరగతి అన్న చుక్కను ఇంకొకరు పన్నెండు అనేవారు. ఇలాంటి అంకెలతో పట్టికలు ఎన్ని నింపినా ఒకరి పట్టిక ఇంకొకరికి పనికిరాదు.

1856లో పాగ్సన్ ఆక్స్‌ఫర్డ్‌లోని రాడ్‌క్లిఫ్ వేధశాలలో సహాయకులు. వయసు 27. కుజుడికీ బృహస్పతికీ మధ్య తిరిగే చిన్న గ్రహాలు మరుసటి ఏడాది ఏ నెలలో ఎంత వెలుగుతో కనిపిస్తాయో ముందుగా లెక్కకట్టే పనిలో ఉన్నారు. అవి మనకూ సూర్యుడికీ దగ్గరవుతూ దూరమవుతూ ఉంటాయి కాబట్టి వెలుగు మారుతూ ఉంటుంది. ఈ మార్పును తరగతుల్లోకి మార్చాలంటే, ఒక తరగతికీ తరువాతి తరగతికీ వెలుగులో ఎన్ని రెట్ల తేడానో ముందు తేల్చుకోవాలి.

దాన్ని కొలిచే ఉపాయం చూడండి. టెలిస్కోపు ముందున్న కటకాన్ని అంచుల నుంచి కొద్దికొద్దిగా మూసుకుంటూ రావాలి. చుక్క మసకబారి, ఒక దశలో మాయమవుతుంది. ఆ క్షణంలో తెరిచి ఉన్న భాగం వ్యాసం ఎంతో రాసుకోవాలి. లోపలికి వచ్చే కాంతి వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది, అంటే వ్యాసం సగమైతే కాంతి నాలుగో వంతు అవుతుంది. కాబట్టి రెండు చుక్కలు ఏ ఏ వ్యాసాల దగ్గర మాయమయ్యాయో తెలిస్తే ఒకటి మరొకదానికంటే ఎన్ని రెట్లు వెలుగుతోందో తేలిపోతుంది. కాంతిని కొలిచే యంత్రం లేని రోజుల్లో కంటినే, అదీ కన్ను ఓడిపోయే చోటునే కొలమానంగా వాడుకున్నారు.

ఇలా కొలిచినవాళ్లకు వచ్చిన నిష్పత్తులు 2.5కు కాస్త అటూ ఇటూగా ఉన్నాయి. మొదటి తరగతి చుక్క ఆరో తరగతి చుక్క కంటే సుమారు 100 రెట్లు వెలుగుతుందని అంతకు ముందే గమనించారు. పాగ్సన్ ఆ 100ను ఖాయం చేశారు. ఐదు మెట్ల తేడా అంటే సరిగ్గా 100 రెట్లు, ఒక మెట్టు అంటే 100కు ఐదో మూలం, 2.512. దాని సంవర్గమానం సరిగ్గా 0.4 కావడం వల్ల లెక్కలు సులువవుతాయన్నదే ఆయన చూపిన కారణం. అంటే 2.512 ప్రకృతిలో దొరికిన సంఖ్య కాదు, మనుషులు చేసుకున్న ఒడంబడిక. నా దృష్టిలో దాని విలువంతా అందులోనే ఉంది. అందరూ ఒకే మెట్లు ఎక్కడం మొదలుపెట్టాకే ఒకరి పట్టిక ఇంకొకరికి అర్థమైంది. ఈ మెట్టునే మాగ్నిట్యూడ్ అంటున్నాం.

పెళ్లిలో చూపించే అరుంధతి మాగ్నిట్యూడ్ 4.0, పక్కనున్న వశిష్ఠుడిది 2.0. రెండు మెట్ల తేడా, అంటే వశిష్ఠుడు 6 రెట్లకు పైగా వెలుగుతున్నాడు. మొదటి తరగతిని మించిన చుక్కలకు సున్నా, దానికి కింద రుణసంఖ్యలు వాడతారు. రాత్రి ఆకాశంలో చుక్కలన్నింటికంటే ఎక్కువగా వెలిగే లుబ్ధకం, అంటే సిరియస్, మైనస్ 1.5. పున్నమి చంద్రుడు మైనస్ 12.7. సూర్యుడు మైనస్ 26.7. చంద్రుడికీ సూర్యుడికీ తేడా 14 మెట్లే, కానీ ఆ 14 మెట్లు 4 లక్షల రెట్లతో సమానం.

ఇవన్నీ మన కంటికి చేరే వెలుగుకు అంకెలు. చుక్క సొంత వెలుగు తెలియాలంటే దూరం తెలియాలి. ఎందుకో ఒక దీపంతో చూద్దాం. జార్జి టౌన్‌లో హైకోర్టు ఆవరణలో ఒక పాత దీపస్తంభం ఉంది. 1844 నుంచి ఓడలకు దారి చూపింది. 1894లో ఆ పని కొత్త హైకోర్టు భవనపు గుమ్మటం మీది దీపానికి మారింది, 1977లో మెరీనాకు వెళ్లిపోయింది. గుమ్మటం మీది దీపాన్ని 2 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఓడ నుంచి చూసినప్పటి వెలుగుతో పోలిస్తే, 20 కిలోమీటర్ల దూరంలోని ఓడకు అందేది అందులో నూరోవంతు. దూరం 10 రెట్లు పెరిగితే వెలుగు 100 రెట్లు తగ్గుతుంది, అంటే సరిగ్గా 5 మాగ్నిట్యూడ్లు. దీపం మాత్రం అదే దీపం.

అందుకని శాస్త్రవేత్తలు ప్రతి నక్షత్రాన్నీ ఊహలో ఒకే దూరంలో, 32.6 కాంతి సంవత్సరాల దూరంలో నిలబెట్టి చూస్తారు. అక్కడి నుంచి ఎంత వెలుగుతో కనిపిస్తుందో అది దాని నిరపేక్ష మాగ్నిట్యూడ్. చలికాలపు రాత్రుల్లో చెన్నపట్నానికి దక్షిణంగా కనిపించే అగస్త్య నక్షత్రం, లుబ్ధకం కంటే కాస్త తక్కువగా, మైనస్ 0.7తో వెలుగుతుంది. కానీ లుబ్ధకం 8.6 కాంతి సంవత్సరాల దూరంలో ఉంటే, అగస్త్యుడు 300 కాంతి సంవత్సరాలకు పైగా దూరంలో ఉన్నాడు. ఇద్దరినీ ఒకే దూరంలో నిలబెడితే అగస్త్యుడు 600 రెట్లకు పైగా ఎక్కువ వెలుగుతాడు. మన సూర్యుడిని అక్కడ పెడితే 4.8 మాగ్నిట్యూడ్, అరుంధతి కంటే మసకగా ఉంటాడు.

లెక్క ఎంత చక్కగా ఉన్నా, కొలిచే మనిషి గాలిలోంచే చూడాలి. నెత్తిమీది చుక్క కాంతి గాలిపొరను నిలువుగా దాటి వస్తుంది. దిగంతం దగ్గరి చుక్క కాంతి ఏటవాలుగా, ఎన్నో రెట్లు ఎక్కువ గాలిని దాటాలి. చెన్నపట్నపు సముద్రపు తేమలో ఆ కోత ఇంకా ఎక్కువ. అందుకే ఒక చుక్కను కొలవాలంటే దాని పక్కనే, అదే ఎత్తులో ఉన్న, వెలుగు తెలిసిన చుక్కతో పోల్చాలి. ఈ విద్యలో అసలు మెలకువ ఇదే.

చింతామణి రఘునాథాచార్యుల పని ఎంత గొప్పదో ఇది తెలిశాకే నాకు అర్థమైంది. మద్రాసు వేధశాలలో కుర్రవాడిగా చేరి, పాగ్సన్ కింద మొదటి సహాయకుడి స్థాయికి ఎదిగిన మనిషి ఆయన. ఆ రోజుల్లో అక్కడ 5 వేలకు పైగా నక్షత్రాల స్థానాలను మధ్యాహ్నరేఖ దాటే క్షణంలో కొలిచి పట్టిక తయారుచేస్తున్నారు. 1867 జనవరిలో ఆయన రెటిక్యులమ్ మండలంలోని ఒక చుక్క వెలుగు మారుతోందని కనిపెట్టారు. ఇప్పుడు దాన్ని ఆర్ రెటిక్యులై అంటారు. సుమారు 280 రోజులకొకసారి అది పెరిగి తరుగుతుంది. బాగా వెలిగినప్పుడు కంటికి అందీ అందనంతగా ఉంటుంది, తరిగినప్పుడు 14వ మాగ్నిట్యూడ్ దాకా, అంటే వెయ్యి రెట్లకు మించి మసకబారుతుంది.

ఆ చుక్క దక్షిణ ధ్రువానికి దగ్గరి ఆకాశంలో ఉంది. చెన్నపట్నం నుంచి చూస్తే అది ఎంత పైకి వచ్చినా దిగంతానికి 14 డిగ్రీల ఎత్తు దాటదు. జనవరి రాత్రి 9 గంటల ప్రాంతంలో అక్కడికి చేరుతుంది. ఆ ఎత్తులో కాంతి దాటాల్సిన గాలి నెత్తిమీది కంటే సుమారు 4 రెట్లు. అక్కడ ఒక చుక్క మసకగా కనిపిస్తే తప్పు గాలిదా, చుక్కదా? తోటి చుక్కలన్నీ ఎప్పటిలాగే ఉండి ఇదొక్కటే మారిందని రాత్రి తరువాత రాత్రి రాసుకున్నవాడే ఆ మాట చెప్పగలడు. అంతటి మనిషి పేరు మన బడి పుస్తకాల్లో లేకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

అంతకు ముందే, 1863 మే నెలలో, పాగ్సన్ చెన్నపట్నం నుంచి వృశ్చిక రాశిలో ఒక కొత్త చుక్కను చూశారు. 9వ మాగ్నిట్యూడ్ దగ్గర కనిపించి కొద్ది రోజుల్లోనే కనుమరుగైంది. యు స్కార్పియై అనే ఆ నక్షత్రం మళ్లీ మళ్లీ పేలుతూ ఉంటుందని తరువాత తెలిసింది. 1999, 2010, 2022లలో కూడా పేలింది. ఆ పేలుళ్ల చరిత్రలో మొదటి వరస ఇక్కడ రాసిందే.

తరువాత పరికరాలు మారాయి. జర్మనీలో జోల్నర్ దీపంతో కృత్రిమ చుక్కను తయారుచేసి, దాన్ని అసలు చుక్క పక్కన పెట్టి సమానమయ్యేదాకా తగ్గించి కొలిచారు. హార్వర్డ్‌లో పికరింగ్ ధ్రువనక్షత్రాన్నే తూనికరాయిగా పెట్టుకుని 4 వేలకు పైగా చుక్కలు కొలిచారు. ఫొటో పలకలు వచ్చాక చుక్క మచ్చ ఎంత పెద్దదో చూసి వెలుగు చెప్పారు. హైదరాబాదు బేగంపేటలోని నిజామియా వేధశాల ప్రపంచంలోని పలు వేధశాలలు పంచుకున్న ఆకాశపటం పనిలో 7 లక్షలకు పైగా చుక్కలను అలా లెక్కకెక్కించింది.

అయితే పాత ఫొటో పలకకు ఎరుపు సరిగా ఆనదు, నీలం బాగా ఆనుతుంది. అందువల్ల ఎర్రని ఆర్ద్ర నక్షత్రం కంటికి 0.5 ఉంటే నీలి కాంతిలో 2.3 దగ్గర ఉంటుంది. ఏ రంగులో కొలిచామో చెప్పకపోతే అంకెకు అర్థం లేదు. 1953లో జాన్సన్, మోర్గన్ అతినీలలోహిత, నీల, దృశ్య కాంతులకు మూడు ఫిల్టర్లు స్థిరపరిచారు. ఇప్పుడు సీసీడీ కెమెరాలు ఒక్కొక్క కాంతి కణం పుట్టించే ఎలక్ట్రాన్లను లెక్కపెడుతున్నాయి. అయినా ఆ ఫొటోలో వెలుగు తెలిసిన పక్క చుక్క ఒకటి ఉండాల్సిందే.

ఈ పని చేయడానికి వేధశాలే అక్కర్లేదు. జార్జి టౌన్‌లోని తంబుచెట్టి వీధి మేడల మీద నుంచి ఇప్పుడు అరుంధతి కనబడటం కష్టమే కానీ ఆర్ద్ర కనిపిస్తుంది. అది వెలుగు మారే చుక్క, అంటే చర నక్షత్రం. 2020 ఫిబ్రవరిలో 1.6 దాకా మసకబారి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచింది. జనవరి, ఫిబ్రవరి రాత్రుల్లో అది బాగా పైకి వచ్చాక దాన్ని ఒకవైపు రోహిణితో, ఇంకోవైపు ప్రోసియాన్‌తో పోల్చి చూడండి. రోహిణి 0.9, ప్రోసియాన్ 0.4. ఈ తేడాను ఐదు సమాన భాగాలు చేశామనుకుని, ఆర్ద్ర ప్రోసియాన్ కంటే రెండు భాగాలు కింద ఉందనిపిస్తే 0.6 అని రాసుకోండి. ఎర్రచుక్కను తదేకంగా చూస్తే ఉన్నదానికంటే ఎక్కువ వెలుగుతున్నట్టు అనిపిస్తుంది, కాబట్టి చూపు నిలపకుండా చూడాలి. తేదీ, సమయం, పోల్చిన చుక్కల పేర్లు పక్కనే రాయండి. 1911లో మొదలైన అమెరికన్ చర నక్షత్ర పరిశీలకుల సంఘం ఇలాంటి అంచనాలను ఏ దేశంలోని ఔత్సాహికుల నుంచైనా తీసుకుంటుంది.